కొలువునకు దగిన చదువు

2010వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున ఢిల్లీ విశ్వవిద్యాలయము వారు తమ రసాయనశాస్త్ర శాఖలో చిరకాలముగా మూలబడియున్న పాత సామగ్రిని వేలము వేసిరి. స్టాకు రిజిస్టరులో వస్తువు పేరు వెదకుట, పనికిరాదని వ్రాయుట, కండెమ్నేషన్ కమిటీ సంతకములు, వేలము ప్రకటన, పాత ఇనుము వర్తకుల రాక, తూకము, రొక్కము, రసీదు: ఏ సర్కారు కార్యాలయమునందైనను ఏటేట జరుగు తంతే యిది. అయితే ఆ యేటి వేలములో నమ్ముడుపోయిన సామానులో గామా సెల్ అను నొక యంత్రముండెను. 1970 ప్రాంతమున పరిశోధనార్థము కెనడా దేశమునుండి తెప్పించిన యా యంత్రము 1985 నుండి యుపయోగమున లేకుండెను. దాని గర్భమున, దళసరి సీసపు కవచము నడుమ, కోబాల్టు-60 అను రేడియోధార్మిక లోహము సన్నని కడ్డీల రూపమున నడగియుండెను. ఈ లోహము తన శక్తిలో సగమును గోల్పోవుటకు అయిదేండ్ల మూడు మాసములకు బైగా బట్టును. ఆ లెక్కను నలుబదియేండ్లు గడచినను మొదటి శక్తిలో ఇంచుమించు రెండువందలవ వంతు మిగిలియే యుండును. ఆ రెండువందలవ వంతే మనుష్యుని జంపుటకు జాలినది. ఢిల్లీలోని మాయాపురి పాత ఇనుము బజారునకు జేరిన యంత్రమును అచటి పనివారు ముక్కలు సేసిరి. అచటి వర్తకులలో నొకడు తళతళలాడు తునకనొకదానిని దన పర్సులో బెట్టుకొని తిరిగెను. ఏప్రిలు వచ్చునప్పటికి చేతులు నల్లబడినవారు, జుట్టు రాలినవారు, వాంతులతో మంచమెక్కినవారు ఆసుపత్రుల దారి పట్టిరి. ఒక కార్మికుడు మరణించెను. అంతర్జాతీయ అణుసంఘటనల కొలమానముపై దీనికి నాలుగవ స్థాయి నిచ్చిరి. అణుశక్తి నియంత్రణ మండలి విశ్వవిద్యాలయమునకు సంజాయిషీ నోటీసు పంపి, రేడియోధార్మిక పదార్థములను వాడు హక్కును నిలుపుచేసెను.

కోబాల్టు-60 ఎట్టిదో యెరిగినవారు ఆ విశ్వవిద్యాలయమున కొదువ గారు. దాని అర్ధాయువెంతయని తరగతిలో ప్రశ్నించినచో పట్టభద్ర విద్యార్థియైనను దడుముకొనక జవాబు చెప్పగలడు. అట్టి యంత్రమును దొలగింపదలచినచో నియంత్రణ మండలి యనుమతి బొందవలయుననియు, వికిరణ భద్రతాధికారి యొకడు విధిగా నుండవలయుననియు 2004 నాటి నియమములు స్పష్టముగనే చెప్పుచున్నవి. అనగా విద్యయు గలదు, చట్టమును గలదు. లేనిదెల్ల ఆ రెండును తరగతిగదినుండియు, గెజెటునుండియు బయలుదేరి స్టోర్సు గదిలో జాబితా వ్రాయు గుమాస్తా బల్ల వరకు, ఆ జాబితాపై సంతకము సేయు అధికారి కలము వరకు నడచివచ్చుటయే. విశ్వవిద్యాలయమను సంస్థ లోకమునకంతకును విద్య గరపుచు, తన కొలువున నున్నవారికి దమ కొలువునకు దగిన చదువును మాత్రము చెప్పుటకు దీరిక చేసికొనలేదు. ఈ లోపము ఢిల్లీకి బరిమితమైనదని యెవ్వరును భ్రమపడవలదు.

గురువులకు గలదు, గుమాస్తాలకు లేదు

మన తెలుగునాట 1918లో ఉస్మానియా, 1926లో ఆంధ్ర, 1954లో శ్రీవేంకటేశ్వర, 1976లో కాకతీయ, నాగార్జున విశ్వవిద్యాలయములు వెలసినవి. వీని చరిత్రలు వ్రాసినవారు కట్టమంచి రామలింగారెడ్డి, సర్వేపల్లి రాధాకృష్ణన్ వంటి ఉపాధ్యక్షుల వైదుష్యమును, భవనముల వైభవమును, శాఖల విస్తరణమును సాకల్యముగా వర్ణించిరి. జూనియర్ అసిస్టెంటును, ల్యాబ్ అటెండరును, హాస్టలు వంటమనిషిని, పరీక్షల విభాగపు సూపరింటెండెంటును మాత్రము విస్మరించిరి. ఆ విస్మృతియే శిక్షణ విషయమునను గనబడును. 1986 నాటి జాతీయ విద్యావిధానము వెంట అధ్యాపకులకై అకడమిక్ స్టాఫ్ కళాశాలలు దేశమంతట నేర్పడినవి. తెలుగునాటను ఉస్మానియాలో, హైదరాబాదు విశ్వవిద్యాలయములో, తిరుపతిలో నవి వెలసినవి. కాలక్రమమున వానికి మానవ వనరుల వికాస కేంద్రములని పేరు మారినది. 2023లో మాలవీయ మిషన్ పేర మరల నవతార మెత్తినవి. ఓరియంటేషన్, రిఫ్రెషర్ కోర్సులకు బోనిదే అధ్యాపకుని పదోన్నతి కదలదు గావున, ఇష్టమున్నను లేకున్నను అతడు పెట్టె సర్దుకొని పోవును. బోధనేతర సిబ్బందికై అచట నప్పుడప్పుడు మూడునాళ్లో, వారమో తరగతులు జరుగుట లేకపోలేదు. కాని యవి పర్వదినములు, నిత్యవిధులు గావు.

ప్రభుత్వ శాఖలలో నొక మేలు గలదు. పబ్లిక్ సర్వీసు కమిషను వారు నిర్వహించు డిపార్టుమెంటల్ పరీక్షలు, ముఖ్యముగా అకౌంట్స్ టెస్టు, గట్టెక్కిననే గాని గుమాస్తాకు బై మెట్టు దొరకదు. ఆ నెపముననైనను అతడు ఫండమెంటల్ రూల్సును, ట్రెజరీ నియమములను ఒకసారి తిరుగవేయును. విశ్వవిద్యాలయములలోను గొన్నిచోట్ల నీ పరీక్షలనే పదోన్నతికి నియమముగా బెట్టిరి. అయితే ట్రెజరీ బిల్లు వ్రాయనేర్చినవానికి ట్రాన్స్‌క్రిప్టు వ్రాయుట ఎవరు నేర్పిరి?

ఈ ట్రాన్స్‌క్రిప్టు సంగతి కొంత వివరముగా జెప్పవలసియున్నది; ఏలయన తెలుగింటి పిల్లలు అమెరికాకు బ్రయాణమగునపుడు విశ్వవిద్యాలయ పాలనతో వారికి గలుగు కట్టకడపటి పరిచయ మదియే. ఎనిమిది సెమిస్టర్ల మార్కులు ఒక పత్రమున జేర్చి, పేరు పదవతరగతి ధ్రువపత్రమునందలి యక్షరక్రమముతో సరిపోలునట్లు చూచి, తప్పిన సబ్జెక్టు ఏ యేట మరల వ్రాసి గెలిచినదియు గుర్తించి, అధికారి సంతకము పడిన పిదప కవరులో నుంచి, అతికించిన యంచుపై సగము మడతమీదను సగము కవరుమీదను బడునట్లు ముద్ర వేయవలెను. ముద్ర మడతపై గాక ప్రక్కను బడినచో, ఆవలి దేశపు మూల్యాంకన సంస్థవారు కవరు మార్గమధ్యమున దెరువబడినదేమో యని శంకించి తిప్పిపంపుదురు. ఒక ముద్ర రెండంగుళములు జరిగినందులకు ఒక విద్యార్థికి సెమిస్టరు తప్పిపోవచ్చును. పాతకాలపు విద్యార్థులయెడ బని యింకను గహనము. వారి మార్కులు కంప్యూటరులో నుండవు. టాబ్యులేషన్ రిజిస్టరులను పెద్దపెద్ద బైండు పుస్తకములలో నుండును. ఏ సంవత్సరపు సెప్టెంబరు పరీక్ష ఏ బైండులో గలిసినది, ఏ పుస్తకపు పుటలు చెదలకు బలియైనవి, ఏ యేట హాల్ టికెట్టు సంఖ్యల పద్ధతి మారినది, యివన్నియు విభాగమున నేండ్ల తరబడి పనిచేసిన యొక సీనియర్ అసిస్టెంటు తలలోనే యుండును. ఆయన పదవీవిరమణ నాడు శాలువ గప్పి, పూలదండ వేసి, ఫోటో తీసికొని పంపివేయుదురు. ఆయన తలలోని విషయమును నాలుగు పుటలలో వ్రాయించుకొనవలెనను తలపు ఎవరికిని రాదు. మరునాడు ఆయన కుర్చీలో కారుణ్య నియామకముపై వచ్చిన యువకుడు, తండ్రిని బోగొట్టుకొన్న దుఃఖమింకను ఆరకమునుపే, కిటికీకావల బారులు తీరిన విద్యార్థుల కేకల నడుమ "అన్నా, ఈ బైండు ఎక్కడుంటది?" అని ప్రక్క బల్లవాని నడుగుచు బని నేర్చుకొనును. ప్రక్క బల్లవాడు మంచివాడైన మంచి పద్ధతి యలవడును; ఫైలు త్రొక్కిపెట్టువాడైన నదియే యలవడును. మన విశ్వవిద్యాలయములలో వాస్తవముగా నడచుచున్న శిక్షణ విధాన మిది యొక్కటే.

దీనికి బ్రతిగా శిక్షణ పేరున జరుగు సభ లెట్లుండునో పాఠకులలో ననేకు లెరుగుదురు. సెమినారు హాలులో బ్యానరు గట్టుదురు, జ్యోతి వెలిగింతురు, వేదికమీది పెద్దలు ఒకరినొకరు పొగడుకొందురు, వ్యక్తిత్వ వికాసమును గూర్చియు, ఒత్తిడిని జయించు మార్గములను గూర్చియు నొక వక్త గంటన్నర ప్రసంగించును, భోజనానంతరము సర్టిఫికెట్టులు పంచుదురు. ఒకే హాలులో తోటమాలియు, క్యాషియరును, గ్రంథాలయ సహాయకుడును, విద్యుత్ లైన్‌మనిషియు కూర్చుండి ఒకే ప్రసంగమును విందురు. ఇది శిక్షణ యనుట కంటె విందు భోజన మనుట సముచితము. విందు మంచిదే, కాని దానిని జూపి లెక్కల పుస్తకమున శిక్షణ ఖర్చుగా వ్రాయుటయే బాగులేదు. అందరికిని జెప్పిన పాఠము ఎవ్వరి పనికిని సరిపడదు. లైన్‌మనిషికి గావలసినది ప్యానెలు బోర్డుపై బనిచేయునపుడు స్విచ్చును దించి, తాళమువేసి, తాళపుచెవిని దన జేబులో నుంచుకొను పద్ధతి; ల్యాబ్ అటెండరునకు గావలసినది ఆమ్లమును నీటిలో బోయవలెను గాని నీటిని ఆమ్లములో బోయరాదను జాగ్రత్త, యాసిడ్ సీసాల సరసను ద్రావకముల నుంచరాదను నియమము; అవుట్‌వర్డు గుమాస్తాకు గావలసినది వేరు.

పై యధికారికి నేర్పువారెవరు?

ఇంతవరకు దిగువనున్నవారి మాట. నా దృష్టిలో అసలు చిక్కు పై కుర్చీలో నున్నది.

విశ్వవిద్యాలయమున శాఖాధ్యక్ష పదవి వంతులవారీగా రెండు మూడేండ్లకొకసారి చేతులు మారును. నిన్నటివరకు క్వాంటమ్ రసాయనమో, కాకతీయ శాసనములో తన లోకముగా నున్న ఆచార్యుడు ఒక సోమవారము ఉదయమున ఉత్తరు వందుకొని, యిరువది ముప్పదిమంది ఉద్యోగులకు బై యధికారి యగును. చీఫ్ వార్డెను, పరీక్షల కంట్రోలరు, ప్రవేశముల డైరెక్టరు, ఒక్కొక్కప్పుడు రిజిస్ట్రారు సయితము ఇట్లు తరగతినుండి కుర్చీకి వచ్చినవారే. వారి పాండిత్యము సందేహాతీతము. కాని సంపాదిత సెలవునకును అర్ధవేతన సెలవునకును భేదమేమి, సంజాయిషీ యడుగక ఉద్యోగిని దండించుట న్యాయస్థానమున నిలుచునా, సర్వీసు రిజిస్టరులో ఇంక్రిమెంటు నమోదు కానిచో నెవరు బాధ్యులు, టెండరు పిలువక కొనదగిన మొత్త మెంత, అను ప్రశ్నలకు వారికి జవాబు చెప్పినవారెవ్వరును లేరు. ఫలితమేమన, అనుభవశాలియైన సూపరింటెండెంటు "సార్, ఇక్కడ సంతకం చెయ్యండి" యనినచోట సంతకము చేయుదురు. అతడు నిజాయితీపరుడైనచో ఆ రెండేండ్లు గడచిపోవును. కానిచో పదవి దిగిన నాలుగేండ్లకు ఆడిట్ అభ్యంతరము, పింఛను కాగితముల వెంట, ఇల్లు వెదకికొని వచ్చును. ఇట్టి బాధ బడిన ఆచార్యులు ప్రతి ప్రాంగణమునను గలరు, వారు దీనిని దమ గ్రహచారమందురు గాని శిక్షణాలోపమనరు.

చట్టములు మాత్ర మీ యధికారులపై నానాటికి బరువు బెంచుచున్నవి. 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద ముప్పది దినములలో జవాబీయనిచో రోజునకు 250 రూపాయల వంతున, 25,000 వరకు, సమాచారాధికారి తన సొంత సొమ్మునుండి జరిమానా కట్టవలసివచ్చును. జవాబుపత్రమును జూచు హక్కు పరీక్ష వ్రాసినవానికి గలదని 2011లో సుప్రీంకోర్టు తేల్చినది. ఈ మాట తెలియని పరీక్షల విభాగమువారు "రహస్యము" అని యొక్క మాట వ్రాసి దరఖాస్తును దిరుగగొట్టుట యుచితమా? 2013 నాటి స్త్రీల రక్షణ చట్టము లైంగిక వేధింపులపై విచారణ సంఘమును నియమించినంతనే సరిపుచ్చక, ఆ సంఘ సభ్యులకు శిక్షణ నిప్పించుటయు, ఉద్యోగులకు సదస్సులు జరుపుటయు యజమాని విధియని స్పష్టముగా జెప్పినది. 2016 నాటి దివ్యాంగుల చట్టము గుర్తించిన వైకల్యములు మునుపటివలె ఏడు గావు, ఇరువదియొకటి. లేఖకుని సాయముతో వ్రాయు విద్యార్థికి గంటకు ఇరువది నిమిషములకు దక్కువగాని యదనపు కాల మీయవలయుననునది మార్గదర్శకము. మూడు గంటల పరీక్షకు నాలుగవ గంట దనకు గలదని యా విద్యార్థి యెరుగును. గంట గొట్టగానే పత్రము లాగికొను ఇన్విజిలేటరు ఎరుగడు. అచట దోషము లాగికొన్న చేతిదా, ఆ చేతికి ముందునా డొక పావుగంట సేపు నియమము వివరింపని చీఫ్ సూపరింటెండెంటుదా యని నన్నడిగినచో, రెండవవానిదే యందును.

హాస్టలు మెస్సులది మరియొక కథ. పిల్లలు వాంతులతో ఆరోగ్యకేంద్రము చేరిన వార్తలు వేసవిముందర పత్రికలలో వచ్చుచునే యుండును. వంటవానిని దొలగించితిమను వార్త మరునాడు వచ్చును. భారత ఆహార భద్రతా సంస్థ వారు 2017 నుండి ఫోస్టాక్ అను పేర శిక్షణ నిచ్చుచు, ఇరువదియైదుగురు ఆహారము ముట్టువారి కొకరి వంతున శిక్షితుడైన పర్యవేక్షకు డుండవలెనని నిర్దేశించిరి. శిక్షణ వంటవానికి మాత్రమే గాక పర్యవేక్షకునకు విధించుటలో నొక వివేకము గలదు: వండిన కూర గంటల తరబడి మూతవేసి యుంచవలసినదా, ఫ్రిజ్జు చెడినపుడు పెరుగు పారవేయవలసినదా యను నిర్ణయము గరిటె పట్టినవాడు చేయడు, సరకుల లెక్క చూచువాడు చేయును.

ఈ వివేకమును చట్టరూపమున జూపిన రాష్ట్ర మొకటి యమెరికాలో గలదు. కాలిఫోర్నియాలో 1991 నుండి అమలునందున్న పని భద్రతా నియమము ప్రకారము ప్రతి యజమానియు ఉద్యోగిని కొలువున జేర్చుకొన్నపుడును, క్రొత్త పని యప్పగించినపుడును, క్రొత్త పదార్థమో యంత్రమో ప్రవేశించినపుడును శిక్షణ నీయవలెను; అంతటితో నాగక, తన చేతిక్రింది వారి కెట్టి ప్రమాదములు కలుగవచ్చునో పర్యవేక్షకునకు వేరుగా దెలుపవలెను. నియమముండియు నాచరణ సడలినపుడేమగునో ఆ రాష్ట్రమే చూచినది. 2008 డిసెంబరు చివరి దినములలో లాస్ ఏంజెలిస్ నగరమందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో ఇరువదిమూడేండ్ల పరిశోధన సహాయకురాలు గాలి సోకినంతనే మండు నొక రసాయనమును సిరంజితో దీయుచుండగా పిడి యూడివచ్చెను. ఒంటిపై ల్యాబు కోటు లేదు. కృత్రిమ నూలు స్వెట్టరు భగ్గున మండెను. పదునెనిమిది దినములకు ఆమె కన్నుమూసెను. తగిన శిక్షణ లేదన్నది దర్యాప్తు చేసినవారు విశ్వవిద్యాలయముపై మోపిన లోపములలో నొకటి. అటుపిమ్మట ప్రయోగశాలాధిపతియైన ఆచార్యునిపైనను, విశ్వవిద్యాలయ పాలకమండలిపైనను క్రిమినలు కేసు నడచినది. 2012లో పాలకమండలి శిక్షణ, రక్షణ వస్త్రములు మొదలగువానికి గట్టుబడి యొడంబడిక చేసికొని కేసునుండి బయటపడెను. ఆచార్యుని విషయము 2014లో వేరొక యొడంబడికతో దేలెను. నేడు ఆ రాష్ట్రపు విశ్వవిద్యాలయ ప్రయోగశాలలలో సహాయకులుగా జేరు మన తెలుగు పిల్లలు గుంటూరునందో వరంగల్లునందో నాలుగేండ్లు చదివినను ఎన్నడు నెరుగని వస్తువు నొకదానిని మొదటి దినమున జూతురు: తమ పేరు, తాము ముట్టదగిన రసాయనముల పేర్లు, నేర్పినవారి సంతకము గల కాగితము. అది పూర్తికానిదే ప్రయోగశాల తలుపు దెరువరు.

మనకు శిక్షణాలయములు లేవా యన్నచో, గలవు. ఢిల్లీలో 1948 నుండి కేంద్ర సచివాలయోద్యోగులకు బాఠశాల గలదు. విశ్వవిద్యాలయ పాలకులకు జాతీయ విద్యా ప్రణాళికా పాలనా సంస్థ (నీపా) వారి కోర్సులు గలవు. హైదరాబాదులో 1976లో వెలసిన పాలనాసంస్థ నేడు మర్రి చెన్నారెడ్డి పేర నడచుచున్నది. బాపట్లలో ఆంధ్రప్రదేశ్ మానవ వనరుల వికాస సంస్థ గలదు. 2020లో కేంద్ర మంత్రివర్గ మామోదించిన మిషన్ కర్మయోగి, నియమమును గాక నిర్వహించు పాత్రను బట్టి నేర్పవలెనను సూత్రముతో బయలుదేరి, ఐగాట్ అను వేదికపై పాఠములను ఫోనులోనికే తెచ్చినది. ఇది హర్షింపదగినదే, అయినను ఫోనులో వీడియో నడపి, చివరి ప్రశ్నలకు బ్రక్కవాని నడిగి గుర్తులు పెట్టి సర్టిఫికెట్టు దించుకొను నేర్పు మనవారికి సహజముగనే యబ్బినది. ముద్ర మడతపై బడుట వీడియో నేర్పదు. విభాగమునందే, ఆ బల్లయొద్దనే, ఆ రిజిస్టరు ముందే, పదవీవిరమణకు బోవు పెద్దగుమాస్తాకు ఆరుమాసముల ముందు పని తగ్గించి, క్రొత్తవానిని బ్రక్కన గూర్చుండబెట్టి, చూచినది చూచినట్లు వ్రాయించి, దానిని శాఖ సొత్తుగా భద్రపరచుటకు గోట్ల రూపాయలు గాని, ఢిల్లీ యనుమతి గాని యక్కరలేదు. క్రొత్త శాఖాధ్యక్షుడు బాధ్యతలు తీసికొనుటకు బూర్వము ఫైనాన్స్ ఆఫీసరు గదిలో నొకదినము, ఎస్టాబ్లిష్‌మెంటు విభాగములో నొకదినము గడపుట యుత్తరువులోనే వ్రాయవచ్చును.

ఇక మిగిలినది పొరుగుసేవల సిబ్బంది. నేడు మన ప్రాంగణములలో ఊడ్చువారు, కావలి కాయువారు, వండువారు, డేటా ఎంట్రీ చేయువారు పెక్కండ్రు ఏజెన్సీల ద్వారా వచ్చినవారే. వీరికి శిక్షణ నీయవలసినది ఏజెన్సీయని విశ్వవిద్యాలయ మనును. టెండరులో నా ఖర్చు చూపలేదని ఏజెన్సీ యనును. టెండరు మారినపుడు ఏజెన్సీ మారును గాని మనిషి మారడు. అదే స్త్రీ, అదే ప్రయోగశాల గచ్చును, అదే గుడ్డతో దుడుచుచుండును, మెడలోని గుర్తింపు కార్డు రంగు మాత్రమే మారును. కావున ఆమె కేది ముట్టరాదో చెప్పి, చెప్పినట్లు సంతకము దీసికొనిన కాగితము ఏజెన్సీ ఫైలులో గాక శాఖ రిజిస్టరులో నుండుట మేలు. టెండరు నిబంధనలలో శిక్షణ దినములకు గూలి యెవరిదో యొక్క వాక్యము చేర్చినచో ఆ వాదము కూడ తీరును.